బెంగళూరు బస్సులో ‘స్త్రీ శక్తి’ చెల్లుతుందా?

కలికిరి నుంచి మదనపల్లెకు జీరో టికెట్. అక్కడ బెంగళూరు బస్సెక్కి ఆధార్ చూపిస్తే మాత్రం కండక్టర్ డబ్బులు అడుగుతారు. ఎందుకు?

రూల్ ఏంటి?
2025 ఆగస్టు 15న మొదలైన ఈ పథకం పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకే. అంతర్రాష్ట్ర సర్వీసులకు వర్తించదు. అంటే బోర్డు మీద ఎక్స్‌ప్రెస్ అని ఉన్నా, బస్సు రాష్ట్రం దాటేదైతే ఎక్కిన చోటు నుంచే టికెట్ కొనాలి.

కర్ణాటకలో ఉచితమే కదా?
అక్కడ 2023 జూన్ 11 నుంచి ‘శక్తి’ పథకం ఉంది. కానీ అది కర్ణాటక వాసులకే. మన ఆధార్ పనిచేయదు.

ఆసుపత్రికి వెళ్తుంటే?
తల్లీకూతుళ్లిద్దరు వెళ్లినా రానూపోనూ నాలుగు టికెట్లు. ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ పక్క రాష్ట్రంలోని అన్ని ఆసుపత్రుల్లో ఉండదు; బయల్దేరే ముందే ఆరోగ్యమిత్రను అడగండి. కుప్పం వారికి రైలు సౌకర్యం ఉంది. బంగారుపేట మీదుగా బెంగళూరు వెళ్లొచ్చు. వెల్లూరుకైతే కాట్పాడిలో దిగాలి.

కారులో వెళ్తే?
సొంత కారుకు పర్మిట్ అక్కర్లేదు. లైసెన్స్, ఆర్‌సీ డిజీలాకర్‌లో చూపినా చాలు. ట్యాక్సీ అయితే పక్క రాష్ట్రం పర్మిట్, పన్ను ఎవరు కట్టాలో బేరమప్పుడే తేల్చుకోండి.

తిరుగు బస్సు ఆఖరి టైం దిగగానే కనుక్కోండి. ఆపదలో 112 ఏ రాష్ట్రంలోనైనా పనిచేస్తుంది.