కారు అరుస్తోంది.. వినేదెవరు?

బెంగళూరు: దీపావళి రాత్రి మన వీధుల్లో జరిగేది అందరికీ తెలిసిందే. ఒక లక్ష్మీబాంబు పేలగానే వరుసగా నిలిపిన నాలుగు కార్లు ఒకేసారి అరుస్తాయి. మేడ మీద నుంచి ఎవరో రిమోట్ నొక్కితే ఆ గోల ఆగుతుంది. మిగతా రోజుల్లోనూ పరిస్థితి పెద్దగా వేరుగా ఉండదు. చెత్త లారీ దగ్గరగా పోయినా, పిల్లల బంతి తగిలినా, వానలో కొమ్మ విరిగి పడినా కారు అరుస్తుంది. కిటికీ తీసి చూసేవారే తగ్గిపోయారు.

ఇది నవ్వి వదిలేసే సంగతి కాదు. తరతరాలుగా ఈ నగరంలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో చాలామందివి పాత ఇళ్లు. వయ్యాలికావల్ అయినా, హలసూరు అయినా, ఇంటికో కారు అనే రోజులు రాకముందు కట్టినవి. కారు నిలిపేది ఇంటి ముందు రోడ్డు మీదే. సంక్రాంతికి ఊరెళ్తే వారం రోజులు అది అక్కడే ఉంటుంది. దానికి కాపలా అలారం ఒక్కటే అని మనం నమ్ముతున్నాం. ఆ అలారం నిజంగా ఏం చేస్తుంది, ఏం చేయదు అన్నది తెలియకపోతే ఆ నమ్మకం మీద లక్షల రూపాయలు పెట్టినట్టే.

అలారం ఎలా పనిచేస్తుంది?

రిమోట్‌తో కారు తాళం వేయగానే లోపలి కంట్రోల్ యూనిట్ కాపలా స్థితిలోకి వెళ్తుంది. డాష్‌బోర్డు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉండటం దానికి గుర్తు. తలుపులు, బానెట్, డిక్కీల దగ్గర చిన్న స్విచ్‌లు ఉంటాయి. రిమోట్‌తో తాళం తీయకుండా వాటిలో ఏది తెరుచుకున్నా కంట్రోల్ యూనిట్‌కు సంకేతం అందుతుంది. అది వెంటనే హారన్‌ను లేదా సైరన్‌ను మోగిస్తుంది, ఇండికేటర్లను వెలిగించి ఆర్పుతుంది.

చౌక, మధ్యస్థాయి కార్లలో చాలావాటికి కంపెనీ ఇచ్చేది ఇంతవరకే. అంటే అద్దం పగలగొట్టి సీటు మీది బ్యాగు తీసుకుపోతే అలారం మోగకపోవచ్చు, ఎందుకంటే తలుపు తెరుచుకోలేదు. ఖరీదైన మోడళ్లలో, బయట బిగించుకునే అలారాల్లో మరికొన్ని సెన్సర్లు ఉంటాయి. దెబ్బను, అదురును పసిగట్టేది షాక్ సెన్సర్. టైర్లు విప్పడానికి జాకీ పెట్టినా, కారును కట్టి లాగినా ఆ వంపును గుర్తించేది టిల్ట్ సెన్సర్. మన చెవికి వినిపించని శబ్ద తరంగాలను కారు లోపలికి పంపి, అక్కడ కదలికను పట్టేది అల్ట్రాసోనిక్ సెన్సర్. అద్దం కాస్త దించి ఉంచినా, లోపల వేలాడే బొమ్మ ఊగినా ఇది పొరబడుతుంది.

మన కారులో వీటిలో ఏవి ఉన్నాయో ఓనర్స్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. కారు కొన్న రోజున సంచీలో పెట్టి మరిచిపోయిన ఆ పుస్తకాన్ని ఒకసారి తీసి చూడటం మంచిది.

చీటికిమాటికి మోగితే విలువ పోతుంది

అలారం దొంగను ఆపలేదు. అది చేసేది పిలవడం ఒక్కటే. ఆ పిలుపు విని ఎవరో ఒకరు వస్తారన్న భయంతోనే దొంగ పారిపోవాలి. రోజూ నాలుగుసార్లు ఉత్తపుణ్యానికి మోగే అలారాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ సంగతి దొంగకూ తెలుసు.

బయట బిగించే అలారాల షాక్ సెన్సర్‌కు సున్నితత్వాన్ని తగ్గించే, పెంచే వీలుంటుంది. జేసీ రోడ్డులో అలారం బిగించుకుని ఇంటికి వచ్చేవాళ్లలో ఆ మాట అడిగేవాళ్లు తక్కువ. బస్సులు తిరిగే రోడ్డుకు ఒక రకంగా, లోపలి క్రాసుకు ఇంకో రకంగా దాన్ని సరిచేయాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో రాత్రి శబ్దానికి పెట్టిన పరిమితి 45 డెసిబెల్స్. అర్ధరాత్రి ఆగకుండా మోగే సైరన్ ఆ పరిమితిని ఎప్పుడో దాటిపోతుంది. పక్కింట్లో నిద్రపట్టని పెద్దవాళ్లు ఉంటే ఇది మర్యాదకు సంబంధించిన విషయం కూడా.

ఇంకొక జాగ్రత్త. బయటి అలారం కోసం కారు వైరింగును కోసి అతుకులు వేస్తారు. సరిగా వేయకపోతే షార్ట్ సర్క్యూట్ ప్రమాదం ఉంది, కంపెనీ వారంటీకీ చిక్కు రావచ్చు. వైరు కోయకుండా సాకెట్‌కు సాకెట్ కలిపే కిట్ ఉందేమో ముందు అడగాలి.

అసలు కాపలా తాళంచెవిలోనే

కారును కదలనివ్వకుండా ఆపేది అలారం కాదు, ఇమ్మొబిలైజర్. అది చప్పుడు చేయదు కాబట్టి దాని గురించి మాట్లాడుకునేవారు తక్కువ. తాళంచెవి తలలో బియ్యపు గింజంత చిప్ ఒకటి ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళం పెట్టే చోట చుట్టిన తీగచుట్ట నుంచి వచ్చే రేడియో తరంగాలతోనే అది మేల్కొంటుంది. కారు ఒక ప్రశ్న లాంటి సంకేతం పంపుతుంది, చిప్ సరైన జవాబు ఇవ్వాలి. జవాబు తప్పితే ఇంజిన్ కంప్యూటర్ ఇంజిన్‌ను నడవనివ్వదు. రోడ్డు పక్కన చెక్కించిన డూప్లికేట్ తాళంచెవి తలుపు తెరిచినా ఇంజిన్ స్టార్ట్ కాకపోవడానికి కారణం ఇదే. మారుతి కార్లలో ఐక్యాట్స్ అనే పేరుతో కనిపించేదీ ఈ ఏర్పాటే.

దీని ఫలితం ఎంతో లెక్కలు ఉన్నాయి. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అయింది. నెదర్లాండ్స్‌లో 1995 నుంచి 2008 వరకు జరిగిన కారు దొంగతనాలను ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి, దీనివల్ల చోరీలు సగటున సుమారు 40 శాతం తగ్గాయని తేల్చారు. అమెరికాలో దీనికి తిరగబడిన కథ నడిచింది. అక్కడ 2015 నాటి హ్యుందాయ్, కియా మోడళ్లలో 26 శాతానికే ఇమ్మొబిలైజర్ ఉండేది. మిగతా కంపెనీల కార్లలో 96 శాతానికి ఉంది. ఆ లోపాన్ని చూపే వీడియోలు సోషల్ మీడియాలో పాకాక కుర్రాళ్లు ఆ కార్ల మీదే పడ్డారు. చివరికి 2023లో ఆ కంపెనీలు యజమానులకు పరిహారం కింద సుమారు 20 కోట్ల డాలర్ల రాజీకి ఒప్పుకోవాల్సి వచ్చింది.

మన ఇళ్లలో ఇంకా జాగ్రత్తగా చూసుకుంటున్న పాత మారుతి 800, జెన్, అంబాసిడర్ లాంటి వాటికి ఈ రక్షణ లేదు. వాటికి స్టీరింగ్ లాక్, గేర్ లాక్ లాంటి ఇనుప అడ్డంకులే దిక్కు. కొత్త కార్లకూ అవి అదనపు బలమే. పని ఆలస్యమయ్యే కారును వదిలి దొంగ పక్కదానికి పోతాడు.

హైదరాబాద్‌లో పోయింది, బెంగళూరులో దొరికాడు

అలాగని ఇమ్మొబిలైజర్ కూడా తిరుగులేనిది కాదు. 2021 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక స్టార్ హోటల్ పార్కింగ్ నుంచి ఒక కన్నడ సినీ నిర్మాత ఫార్చూనర్ మాయమైంది. మరుసటి ఏడాది రాజస్థాన్‌కు చెందిన ఒక వ్యక్తిని బెంగళూరు పోలీసులు పట్టుకున్నారు. ఆ తర్వాత హైదరాబాద్ పోలీసులూ తమ కేసుల్లో అతడిని తీసుకెళ్లారు. పోలీసుల కథనం ప్రకారం, అతడు ఎలక్ట్రానిక్ పరికరంతో కారు నుంచి వివరాలు రాబట్టి, దానికి సరిపోయే మరో తాళంచెవిని తయారు చేసుకునేవాడు. పలు రాష్ట్రాల్లో ఖరీదైన కార్లను ఇలాగే తీసుకుపోయాడన్నది అభియోగం.

ఇక్కడ గమనించాల్సింది ఒకటే. కారు ఒప్పుకునే తాళంచెవి దొంగ చేతిలో ఉంటే, కారు దృష్టిలో అతడే యజమాని. ఇమ్మొబిలైజర్ అడ్డుపడదు, అలారం అరవదు.

బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లకు ఇంకో బలహీనత ఉంది. తాళంచెవి జేబులో ఉంటే చాలు, దగ్గరికి రాగానే తలుపు తెరుచుకుంటుంది. ఇంట్లో ఉన్న తాళంచెవి సంకేతాన్ని పరికరాలతో అందుకుని వీధిలోని కారు దాకా చేరవేస్తే, తాళంచెవి పక్కనే ఉందని కారు భ్రమపడుతుంది. దీన్ని రిలే దాడి అంటారు. 2011లోనే స్విట్జర్లాండ్ పరిశోధకులు ఎనిమిది కంపెనీలకు చెందిన పది మోడళ్ల మీద దీన్ని చేసి చూపించారు. వీధి వైపు గదిలో, గుమ్మం పక్కన మేకుకు తాళంచెవి తగిలించే అలవాటు మానాలి. మూత బిగుతుగా ఉండే రేకు డబ్బాలో పెడితే సంకేతం బయటికి రావడం కష్టమవుతుంది. డబ్బా పనిచేస్తుందో లేదో తేల్చుకోవడం సులువు. తాళంచెవిని అందులో పెట్టి కారు దగ్గరికి తీసుకెళ్లండి. తలుపు తెరుచుకుంటే ఆ డబ్బా పనికిరాదు.

మాల్‌లలో, కల్యాణ మంటపాల దగ్గర మరో మోసానికి వీలుంది. మనం నడుస్తూ వెనక్కి చూడకుండా రిమోట్ నొక్కుతాం. ఆ క్షణంలో ఎవరైనా జామర్ వాడితే సంకేతం కారుకు చేరదు, తాళం పడదు. ఇండికేటర్లు వెలిగాయో లేదో చూసి, ఒకసారి హ్యాండిల్ లాగి చూస్తే చాలు.

రెండో తాళంచెవి ఎక్కడుంది?

కారుతో రెండు తాళంచెవులు ఇస్తారు. ఒకటి రోజూ వాడతాం. రెండోది ఎక్కడుందంటే చాలా ఇళ్లలో వెంటనే జవాబు రాదు. డ్రైవరు దగ్గరో, అమెరికాలో ఉన్న కొడుకు పాత సూట్‌కేసులోనో ఉంటుంది. కారు పోయాక బీమా కంపెనీ ముందుగా అడిగేవాటిలో ఈ రెండు తాళంచెవులూ ఉంటాయి. ఒకటి చూపించలేకపోతే, అజాగ్రత్తగా ఉన్నారన్న అనుమానంతో క్లెయిము చిక్కుల్లో పడుతుంది. సర్వీసుకు, వాలే పార్కింగ్‌కు ఇచ్చేటప్పుడు ఇంటి బీగాలు కలిపిన గుత్తి ఇవ్వకూడదు. సెకండ్ హ్యాండ్ కారు కొంటే రెండు తాళంచెవులూ తీసుకుని, పాత తాళంచెవుల నమోదును కంపెనీ వర్క్‌షాపులో తీసేయించుకోవాలి.

కారు పోతే..

ఆలస్యం చేయకుండా 112కు ఫోన్ చేయాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదును ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ పంపవచ్చు. మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఏ స్టేషన్ పరిధి అన్న వాదన పెట్టి ఫిర్యాదును తిప్పి పంపకూడదని కూడా ఆ సెక్షన్ చెబుతోంది. కాళహస్తి వెళ్లినప్పుడు అక్కడ కారు పోయినా ఇదే వర్తిస్తుంది.

పోలీసులకు చెప్పిన రోజే బీమా కంపెనీకీ చెప్పాలి. ట్రాక్టర్ పోయిన రోజే ఎఫ్ఐఆర్ నమోదై, బీమా కంపెనీకి మాత్రం 52 రోజుల తర్వాత తెలిపిన కేసులో సుప్రీంకోర్టు 2020లో యజమాని పక్షానే తీర్పు ఇచ్చింది. కానీ ఆ తీర్పుకు ఆధారం ఎఫ్ఐఆర్ వెంటనే నమోదు కావడమే. అక్కడ ఆలస్యం చేస్తే ఈ తీర్పు ఆదుకోదు. కారు దొరకలేదని పోలీసులు ఇచ్చే సి రిపోర్ట్ వచ్చాకే సాధారణంగా క్లెయిము ముందుకు కదులుతుంది. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే దొంగతనానికి పైసా రాదు.

మన ఇళ్లలో తరచూ కనిపించే మరో లోపం ఆర్‌సీ. నాన్న పోయి రెండేళ్లయినా కారు ఆయన పేరు మీదే ఉంటుంది. యజమాని మరణించిన 30 రోజుల్లోగా ఆర్‌టీఓకు తెలిపి, మూడు నెలల్లోగా పేరు మార్పుకు దరఖాస్తు చేయాలన్నది నిబంధన. బీమా కూడా వారసుల పేరుకు మారాలి. లేకపోతే కారు పోయిన రోజున ఆ డబ్బు ఎవరిదన్న ప్రశ్న దగ్గరే ఫైలు ఆగిపోతుంది. 2021 నుంచి ఆర్‌సీలో నామినీ పేరు రాయించుకునే వీలు కూడా ఉంది.

అలారం విషయంలో బీమా కంపెనీల లెక్క ఎలా ఉందో చూడండి. ఏఆర్‌ఏఐ ఆమోదం ఉన్న దొంగతన నిరోధక పరికరానికి మోటార్ టారిఫ్‌లో పెట్టిన రాయితీ సొంత నష్టం ప్రీమియంలో 2.5 శాతం, అదీ గరిష్టంగా 500 రూపాయలు.

అలారం వద్దని చెప్పడం కాదు. దాన్ని సరిచేసి, ఇమ్మొబిలైజర్, స్టీరింగ్ లాక్, తాళంచెవి జాగ్రత్తలతో కలిపి వాడితేనే దానికి అర్థం ఉంది. అన్నిటికంటే ముఖ్యం, అది మోగినప్పుడు చూసే మనిషి ఉండటం. క్రాసులో పది ఇళ్లవాళ్లు కార్ల నంబర్లు, ఫోన్ నంబర్లు ఒకరికొకరు ఇచ్చుకుంటే ఖర్చేమీ ఉండదు. ఊరెళ్లేటప్పుడు పాలు వద్దని చెప్పి వెళ్తాం. పక్కింటివాళ్లకు కారు సంగతి కూడా ఒక మాట చెప్పి, రెండో తాళంచెవి బీరువాలో ఉందో లేదో చూసుకుని బయలుదేరుదాం.