హద్దు గోడ, పన్నెండేళ్ల గడువు

హైదరాబాద్ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

బాగ్ లింగంపల్లి హౌసింగ్ బోర్డు కాలనీ వంటి చోట్ల పాత ప్రహరీ పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు గోడ అడుగు అవతలికి జరిగినా, మెట్లు పక్కవారి జాగాలోకి వచ్చినా తగాదా మొదలవుతుంది. అప్పుడు ముందుకు వచ్చే వాదనే ప్రతికూల స్వాధీనం: పక్కవారి జాగా ఏళ్ల తరబడి మా స్వాధీనంలో ఉంది కనుక అది మాదేననడం.

1963 నాటి లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్ ప్రకారం, స్వాధీనం ప్రతికూలంగా మారిన నాటి నుంచి 12 ఏళ్లలోగా యజమాని దావా వేయాలి. వేయకపోతే 27వ సెక్షన్ కింద హక్కే పోతుంది. ప్రభుత్వ భూమికి, మున్సిపల్ రోడ్డుకు గడువు 30 ఏళ్లు.

ఏళ్ల తరబడి వాడుకున్నంత మాత్రాన హక్కు రాదు. స్వాధీనం బాహాటంగా, ఎడతెగకుండా, యజమాని హక్కును కాదంటూ సాగాలి. పక్కింటివారు సరేనంటే బట్టలారేసుకున్న జాగాకు ఇది వర్తించదు. రుజువు భారం ఆ వాదన చేసేవారిదే. ప్రతికూల స్వాధీనంతో వచ్చిన హక్కు ఆధారంగా వాది కూడా దావా వేయవచ్చని 2019లో రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

హక్కు తేల్చేది సివిల్ కోర్టే అయినా, హద్దు చూపేది సర్వే. దరఖాస్తు అందగానే ఇరుపక్షాలకు నోటీసిచ్చి, టౌన్ సర్వే రికార్డుల ప్రకారం కొలిచి, పంచనామా నకలు ఇద్దరికీ ఇప్పించాలని మనవి.

ఇట్లు,
బాగ్ లింగంపల్లి నివాసులు