మరమ్మతుతో తీరని నష్టము

ఇచ్ఛాపురము మొదలుకొని రణస్థలము దాటువరకు శ్రీకాకుళము జిల్లాను చీల్చుకొనిపోవు 16వ నంబరు జాతీయ రహదారిపై, వెనుకనుండి వచ్చిన లారీ తాకిడికి నలిగిన కారు, విశాఖపట్టణపు వర్క్‌షాపులో నెల దినములు పడియుండి, క్రొత్త డిక్కీ తలుపుతో, క్రొత్త రంగుతో మెరయుచు ఇల్లు చేరినను, దానిని అమ్మజూపిన నాడుగాని యజమానికి అసలు నష్టము తెలియరాదు. పాత కార్ల బేరగాడు నోరు విప్పక మునుపే తలుపు రబ్బరు బీడింగు నూడదీసి వెల్డింగు చుక్కలు పరికించును. బానెట్టు బోల్టులపై పానా పట్టిన గీతలు వెదకును. పిమ్మట ‘యాక్సిడెంటు బండి’ యని పెదవి విరిచి ధరలో తనకు తోచినంత కోయును. ఆ తరుగు నెవరు భరింపవలెను?

మన దేశపు మోటారు బీమా ప్యాకేజీ పాలసీ తనవరకు చేతులు కడుగుకొన్నది. పర్యవసాన నష్టము, తరుగుదల, అరుగుదల తన పూచీ కావని అందు స్పష్టముగ వ్రాయబడియున్నది. విచిత్రమేమనగా, కాలముచే గలుగు తరుగుదలను లెక్కించుటలో బీమావారి నేర్పు అసామాన్యము. రెండేండ్లు దాటి మూడేండ్లు దాటని కారు విలువలో నూటికి 30 వంతులు త్రోసివేయుదురు. అట్టి బండికే దెబ్బతగిలినపుడు బంపరువంటి ప్లాస్టిక్కు భాగమునకు సగము, లోహభాగమునకు నూటికి 15 మినహాయించి చెల్లింతురు. విలువ తగ్గుట తమకు లాభించుచోట అంకెలతో సహా అంగీకరించి, యజమానికి నష్టించుచోట అది లెక్కకందదనుట ఏ న్యాయము? ‘జీరో డెప్’ అను అదనపు రక్షణ ఆ మినహాయింపును మాత్రమే తొలగించును. ‘రిటర్న్ టు ఇన్వాయిస్’ అనునది, బండి చోరీ పోయిననో, మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతము దాటి పూర్ణనష్టముగ నెంచబడిననో గాని పలుకదు. దెబ్బతిని బ్రతికిన బండికి దిక్కులేదు.

అయినను యజమాని తన కంపెనీ గుమ్మముకడనే నిలిచిపోనక్కరలేదు. తప్పు లారీదైనపుడు పరుల ఆస్తినష్టమునకు ఆ లారీ బీమాయే బాధ్యము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము తొలుత నిర్బంధించినది 6,000 రూపాయలే యైనను, వాడుకలోనున్న పాలసీలు 7.5 లక్షల వరకు పూచీపడుచున్నవి. 166వ సెక్షను ననుసరించి ఆస్తి యజమానియు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలు నాశ్రయింపవచ్చును. కాని మరమ్మతు బిల్లు చెల్లినంతనే వ్యవహారము ముగిసినదని మనవారి తలంపు. కంపెనీలా, ‘నాక్ ఫర్ నాక్’ ఒడంబడికచే ఎవరి బండి ఖర్చు వారే భరించి తమలో తాము లెక్క సరిపెట్టుకొనును. ఆ లెక్కలో జేరని తరుగు నిరపరాధి నెత్తినే మిగిలిపోవును.

అమెరికాలో, మన తెలుగువారెందరో కాపురముండు అట్లాంటా నగరము గల జార్జియా రాష్ట్రమున, 2001లో స్టేట్ ఫామ్ కంపెనీకిని మేబ్రీకిని నడచిన వ్యాజ్యమున, మరమ్మతు పిదపను మిగిలిన తరుగును కంపెనీ తన పాలసీదారునకే గణించి చెల్లింపవలెనని అచ్చటి సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అచ్చట ప్రచారమునకు వచ్చిన గణనసూత్రము కారు విలువలో పదియవ వంతును గరిష్ఠముగ బెట్టి, దెబ్బ తీవ్రతను, తిరిగిన మైళ్లను బట్టి ఇంకను కుదించును. పదియవ వంతే యేల యన్నచో నాకు సహేతుకమైన సమాధానము కానరాదు. అయినను సున్నకంటె పదియవ వంతు మేలుకదా!

ఇట్లు తరుగు చెల్లించినచో ప్రీమియము పెరుగునను ఆక్షేపణ కలదు. బంపరు గీతల కెల్ల తరుగు చెల్లింపుమని నేననను; పిల్లరో, చాసిస్సో వంగిన, ఐదేండ్లు నిండని బండ్లకు పరిమితము చేసిన చాలును. ప్రమాదమునకు మునుపటి విలువను, మరమ్మతు పిదపటి విలువను సర్వేయరు తన నివేదికలో నమోదు చేయవలెనని, హైదరాబాదులోనే కొలువైయున్న బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. ఒక్క ఉత్తరువు నిచ్చెనేని ట్రిబ్యునలునకు సాక్ష్యము సిద్ధముగ నుండును. అంతవరకు బాధితుడు పోలీసు రికార్డును, మరమ్మతునకు మునుపటి ఫోటోలను, వర్క్‌షాపు జాబుకార్డును, ఇద్దరు బేరగాండ్రు వ్రాసియిచ్చిన ధరలను పదిలపరచుకొని అర్జీ పెట్టుకొనవలసియున్నది.