పుచ్చకాయలో మనము పాఱవేయు భాగము

వేసవిలో పుచ్చకాయ దొరికినచో ఎఱ్ఱని గుజ్జును తిని, తక్కినదంతయు వీధిలో పాఱవేయుదుము. ఇది తగని పని యని నా యభిప్రాయము.

పండించువాని శ్రమ నొకమారు తలపుడు. ఏటి యిసుకలో గుంటలు త్రవ్వి, పశువుల యెరువు నింపి, పుష్యమాఘములలో గింజలు నాటి, కడవలతో నీరు మోసి తీగను పెంచును. ఒకే తీగపై ఆడపూవులును మగపూవులును వేఱుగా పూయును; తేనెటీగలు రానిచో కాయ కట్టుట యరుదు. కాయచెంత నున్న నులితీగ యెండి, నేల నంటిన భాగము పసుపువన్నె దాల్చినపుడు కాయ పండినదని యతడెఱుంగును.

గుజ్జులో నూటికి సుమారు 92 పాళ్లు నీరే. అది దాహమును తీర్చును. మధుమేహము గలవారు మాత్రము మితముగా తినవలెను. పచ్చని పైతోలు చెక్కి, లోని తెల్లని భాగమును కూరగాను పచ్చడిగాను చేయవచ్చును. గింజలను కడిగి యెండబెట్టి వేయించినచో పప్పు రుచిగా నుండును. అందు మాంసకృత్తులును నూనెయు గలవు. చెక్కిన తోలు పశువులకు మేత.

విద్యార్థులారా! ఈ వేసవిలో కాయ కోసినపుడు తొక్కను, గింజలను తల్లి చేతి కందింపుడు. నాటురకపు గింజలు కొన్ని దాచి, వచ్చు పుష్యమున పాఠశాల తోటలో నాటుడు. ఒక్క తీగకు నీరు మోసిన బాలుడు మఱల తొక్కను వీధిలో విసరడు.