రక్తపు పోటు తగ్గితే మాత్రలు మానవచ్చా?

ప్రశ్న: మావారి వయస్సు 52. నాలుగు నెలల క్రితం బి.పి. 168/104 ఉందని డాక్టరుగారు మాత్రలు వ్రాశారు. వాడుతూ ఉండగా మొన్న మందుల షాపులో చూపిస్తే 128/82 వచ్చింది. "తగ్గిపోయింది, ఇంకెందుకు?" అని మానేశారు. వయస్సుకు వంద కలిపి 152 దాకా భయం లేదని కూడా అంటున్నారు. నిజమేనా?
– ఒక సోదరి, భోగాపురం

జవాబు: నిజం కాదమ్మా. 128/82 అంటే మందు పనిచేస్తున్నదని అర్థం, జబ్బు పోయిందని కాదు. మాత్రలు మానితే పోటు మళ్ళీ పెరుగుతుంది.

గుండె ముడుచుకుని రక్తాన్ని నెట్టినప్పుడు రక్తనాళాల మీద పడే ఒత్తిడి పై అంకె. గుండె వదులై నిండేటప్పుడు ఉండే ఒత్తిడి క్రింది అంకె. చేతి పట్టీలో గాలి తగ్గిస్తూ స్టెతస్కోపుతో వింటే, మొదటి చప్పుడు దగ్గర పై అంకె, చప్పుడు ఆగిన దగ్గర క్రింది అంకె తెలుస్తాయి. 1905లో రష్యన్ వైద్యుడు కొరొట్కాఫ్ చెప్పిన పద్ధతి ఇది.

వేర్వేరు రోజులలో చూసినా ఆసుపత్రిలో 140/90, ఇంట్లో 135/85కు చేరుతుంటే, రెండంకెలలో ఏ ఒక్కటి చేరినా సరే, అది రక్తపు పోటే. వయస్సుకు వంద కలిపే లెక్క మరచిపోండి.

ఒక్కసారి వచ్చిన అంకె చూసి బెంబేలు పడనూ వద్దు, ధీమా పడనూ వద్దు. ఎండన పడి వచ్చినా, కంగారుపడినా అంకె మారుతుంది. పరీక్షకు అరగంట ముందు కాఫీ, టీ, చుట్ట, అడ్డపొగ పనికిరావు. మూత్రవిసర్జన చేసి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా అయిదు నిమిషాలు కూర్చోవాలి. చొక్కా చేతి మీద పట్టీ కట్టరాదు. చేయి గుండె ఎత్తున బల్లమీద ఉండాలి. మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ పుస్తకంలో వ్రాసుకోవాలి.

"నాకు తల తిరగడం లేదుగా" అనేవారున్నారు. రక్తపు పోటు చాలామందిలో ఏ బాధా చూపదు. చడీచప్పుడు లేకుండా మెదడును, గుండెను, మూత్రపిండాలను, కళ్ళను దెబ్బతీస్తుంది. పక్షవాతం వచ్చాక గాని తెలియని వారున్నారు.

రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచాడు, మించకూడదు. ఆవకాయ, అప్పడం, ఎండుచేపల ఉప్పూ ఈ లెక్కలోదే.

మీ వారిని రేపే డాక్టరుగారికి చూపించి, ఆయన చెప్పినట్లు మాత్రలు మొదలుపెట్టించండి. ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష, మాత్రలు ఉచితం. తగ్గించాలన్నా, మార్చాలన్నా డాక్టరే చెప్పాలి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, కాలుచేయి పడిపోయినా, గుండెల్లో నొప్పి, ఆయాసం వచ్చినా బి.పి. చూస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోను చేయండి.