వేన్నీళ్ళ ఖరీదు

కార్తికం వెళ్ళి మార్గశిరం ప్రవేశించగానే తెలుగునాట ఉదయాల రూపు మారిపోతుంది. ఆదిలాబాదు అడవులలో, అరకు లోయలో, లంబసింగి కొండలలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగువకు జారుతుంది. హైదరాబాదు వంటి నగరాలలో అంత తీవ్రత లేకపోయినా, డాబామీది ట్యాంకులో రాత్రంతా నిలిచిన నీటిని తాకితే చేయి తనంతట తాను వెనుకకు వస్తుంది. పంకాలు ఆగిపోతాయి. కూలర్లు అటకెక్కుతాయి. విద్యుత్తు బిల్లు బాగా తగ్గవలసిన కాలమిది. అయినా అనేక మధ్యతరగతి గృహాలలో అది ఆశించినంత తగ్గడం లేదు. కొన్నింట పెరుగుతున్నది కూడ. మీటరు చదువ వచ్చిన ఉద్యోగి కాగితం చించి చేతికిచ్చిన మరుక్షణం ఇంట వాదం మొదలవుతుంది. దీపాలు ఆర్పలేదని పిల్లలను, టెలివిజను కట్టలేదని పెద్దలను తప్పుపట్టడం పరిపాటి. అసలు కారణం స్నానాలగది గోడకు, అందరి తలలకు పైన, చిన్న ఎర్రదీపం వెలిగించుకొని నిశ్శబ్దంగా వ్రేలాడుతూ ఉంటుంది.

వేడినీటి స్నానం తెలుగువారికి క్రొత్త విలాసమేమీ కాదు. పెరటిలో మూడు రాళ్ళ పొయ్యిమీద మసిబారిన కాగు, దానిక్రింద కొబ్బరిమట్టలు, చితుకులు, పిడకలు - ఇవి ఒకనాటి ప్రతి లోగిలిలోను కనిపించిన దృశ్యాలే. కొంత కలిగినవారి ఇళ్ళలో నడుమ గొట్టమున్న రాగిబాయిలరు ఉండేది. ఆ వేడినీటికి బిల్లు వచ్చేది కాదు. అంతమాత్రాన దానికి వెల లేదని అనుకోవడం పొరపాటు. చీకటితో లేచి, పొగలో కన్నీరు పెట్టుకొని, పొయ్యి ఊది, ఇంటిల్లిపాదికి నీళ్ళు కాచి, చివరకు తాను అడుగున మిగిలిన గోరువెచ్చని నీటితో సరిపెట్టుకొన్న ఇల్లాలు ఆ వెలను ప్రతి ఉదయం చెల్లించింది. కనుక పాతకాలమే మేలని నిట్టూర్చే పెద్దమనుషులలో ఎందరు ఆ పొయ్యి ఊదినారన్నది అడుగదగిన ప్రశ్న. మీట నొక్కగానే వేడినీరు రావడం స్త్రీకి దక్కిన విశ్రాంతి. దానిని తప్పుపట్టుట న్యాయం కాదు. దాని లెక్క తెలియకపోవుటయే లోపం.

ఆ లెక్క పెద్ద గహనమైనదీ కాదు. ఇరవై లీటర్ల బకెట్టులోని నీటిని 20 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు, అనగా చర్మానికి హాయినిచ్చే వేడికి తెచ్చుటకు సుమారు అర యూనిట్టు విద్యుత్తు వ్యయమవుతుంది. సరిగ్గా చెప్పాలంటే 0.46 యూనిట్టు. నలుగురున్న ఇంట మనిషికొక బకెట్టు చొప్పున నెలకు దాదాపు 56 యూనిట్లు. 75 వాట్ల పంకాలు మూడు రోజుకు తొమ్మిది గంటలు తిరిగితే అయ్యే వ్యయం రమారమి ఇంతే. పంకాలు ఆగినందువలన మిగిలినదంతా నీటిలో కరిగిపోతున్నదన్నమాట! ఇది కూడ ఎవరూ వృథా చేయని ఇంటి లెక్క. షవరు క్రింద పావుగంట నిలిచేవారు, గీజరును రాత్రి వేసి ఉదయం కట్టేవారు ఉన్న ఇంట ఈ అంకె ఎక్కడికి పోతుందో చెప్పనక్కరలేదు.

యాభై యూనిట్లే కదా అని తీసివేయుటకు వీలు లేదు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చిన ధరల పట్టికను గమనిస్తే దీని మర్మం తెలుస్తుంది. నెలకు నూరు దాటి 200 యూనిట్ల వరకు వాడిన గృహానికి మొదటి నూరు యూనిట్లు 3.40 రూపాయల చొప్పున, తరువాతి నూరు 4.80 చొప్పున లెక్కిస్తారు. ఆ హద్దు దాటిన ఇంటికి ఆ మొదటి రెండువందల యూనిట్ల ధరయే 5.10గా మారిపోతుంది. ఆపైన మూడువందల వరకు వాడినది 7.70. ఇతర రుసుములు ప్రక్కన పెడితే, 150 యూనిట్లు వాడే ఇంటికి 580 రూపాయలయ్యే బిల్లు, స్నానాల నిమిత్తం 56 యూనిట్లు చేరి 206 కాగానే 1,066 రూపాయలవుతుంది. అదే ఇల్లు 200 వద్ద ఆగగలిగితే 820 రూపాయలే. అనగా చివరి ఆరు యూనిట్ల ఖరీదు 246 రూపాయలు. పన్నెండు, పదమూడు బకెట్ల వేడినీటికి ఇంత మూల్యం చెల్లిస్తున్నట్లు ఆ ఇంట ఎవరికీ తెలియదు. 2024లో ఆరంభమైన గృహజ్యోతి పథకం క్రింద 200 యూనిట్ల వరకు ఉచితంగా పొందే పేద కుటుంబానికైతే దెబ్బ మరింత గట్టిది. హద్దు దాటిన నెలలో ఆ ఉచితం చేజారి, మొత్తం బిల్లు చెల్లించవలసి వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వినియోగదారుల వర్గీకరణను తొలగించి, ఏ మెట్టులోని యూనిట్లకు ఆ మెట్టు ధరనే వర్తింపజేసే పద్ధతి తెచ్చారు. ఆ పట్టికలో 126 నుండి 225 యూనిట్ల వరకు ధర 6 రూపాయలు. కావున ఆ 56 యూనిట్లకు పడే అదనపు భారం 336 రూపాయలు. తక్కువేమీ కాదు గాని, అక్కడ ఒక్క యూనిట్టు తేడాతో క్రింది యూనిట్ల ధర మారదు. మెట్లు ఎక్కించుట వేరు, మెట్టు చివర గొయ్యి త్రవ్వుట వేరు. పొదుపును ప్రోత్సహించుటకు ఎక్కువ వాడినవారికి ఎక్కువ ధర విధించుట సబబే. అయితే పరీక్షల కాలంలో చదువుకొనే పిల్లవాడున్న ఇల్లు రెండు యూనిట్లు మించినందుకు రెండువందలు దండుగ చెల్లించే ఏర్పాటు పొదుపును నేర్పదు. విసుగును నేర్పుతుంది.

ధరలు ఎవరు నిర్ణయించినా, ఆ ఆరు యూనిట్లను మిగుల్చుకొనే ఉపాయం మాత్రం ఇంటివారి చేతిలోనే ఉన్నది. పదిహేను లీటర్ల గీజరు 2,000 వాట్ల శక్తితో నీటిని 20 నుండి 60 డిగ్రీలకు తెచ్చుటకు 21 నిమిషాలు చాలు. ఆ నీటికి సమానంగా చన్నీరు కలిపితే ముప్పై లీటర్ల హాయైన స్నానజలం సిద్ధమవుతుంది. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అన్న సామెత సంసారానికే కాదు, గీజరుకు కూడ అన్వయిస్తుంది! ఇంతటి స్వల్పకాలానికి రాత్రంతా యంత్రాన్ని వెలిగించి ఉంచుటలో అర్థం లేదు. కాగిన నీరు చల్లారుతుంది, యంత్రం మరల కాస్తుంది. ఎవరూ స్నానం చేయకుండగనే మీటరు తిరుగుతూ ఉంటుంది. ఇంటివారు ఒకరి వెంట ఒకరు స్నానం ముగించుకొంటే ఈ నష్టం చాలవరకు తప్పుతుంది. ఒకరు ఐదింటికి, మరొకరు ఏడింటికి, వేరొకరు తొమ్మిదింటికి స్నానం చేసే ఇంట గొట్టాలలో నిలిచి చల్లారిన నీరే ఒక బకెట్టు పారబోయవలసి వస్తుంది. కొనునపుడు నక్షత్రాల గుర్తు చూచుట కూడ అవసరమే. ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చినది. ఆ చట్టం క్రింద ఏర్పడిన ఇంధన సామర్థ్య సంస్థ 2006 నుండి ఈ నక్షత్రాల గుర్తులను ప్రవేశపెట్టినది. గీజరు విషయంలో ఎక్కువ నక్షత్రాలున్నవి నీటి వేడిని ఎక్కువసేపు నిలుపుకొంటాయి.

పొదుపు పేరిట జరిగే కొన్ని పనులు మాత్రం బిల్లుకంటె ప్రమాదకరమైనవి. గీజరు కొనలేనివారు బకెట్టులో వ్రేలాడదీసే ఇనుపచుట్ట అలాంటిది. దానికి భూసంధానం సరిగా లేకపోయినా, మీట కట్టకముందే నీరు వెచ్చబడినదో లేదో చూడబోయి వ్రేళ్ళు ముంచినా ప్రాణాపాయమే. విద్యుత్తు దండుగని గాలి ఆడని స్నానాలగదిలో వంటగ్యాసు గీజరు బిగించుకొనేవారున్నారు. చలికి తాళలేక తలుపులు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించేవారున్నారు. ఈ రెండింటి వలన వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది నిద్రలో ఉన్నవారిని లేవనీయదు. గదిని వేడిచేయుటకంటె దేహాన్ని కప్పుకొనుట చవుక, క్షేమం. తెలంగాణ గొల్లకురుమలు నేసిన గొంగడి, పాతచీరలతో కుట్టిన బొంత ఆ పనిని ఒక్క యూనిట్టు ఖర్చు లేకుండ చేసిపెట్టాయి.

మరొక విధమైన పొదుపు కూడ ఉన్నది. దానిని గూర్చి ఎవరూ బాహాటంగా మాట్లాడరు. బిల్లు పెరిగిన నెలలో కొన్ని ఇళ్ళలో వృద్ధులు తమంతట తామే స్నానం మానుకొంటారు. ‘నాకీ చలిలో రోజూ స్నానమెందుకమ్మా, వారానికి రెండుమార్లు చాలు’ అని అత్తగారు అన్నపుడు, ఆ మాట వెనుక ఉన్నది చలియా, కొడుకు చేతిలోని కాగితమా అన్నది కోడలు గ్రహించగలగాలి. కీళ్ళనొప్పులు గల వృద్ధురాలికి వేడినీరు విలాసం కాదు. ఔషధంతో సమానం. ఇంట కోత పెట్టవలసివస్తే అది షవరు క్రింద నిలిచే యువకుని పావుగంటనుండి ఆరంభం కావాలి.

ఇదంతా విద్యుత్తును నమ్ముకొన్న పొదుపు. దానికంటె మేలైన దారి తెలుగుదేశపు ఆకాశంలోనే ఉన్నది. వర్షాలు వెనుదిరిగిన తరువాత తెలంగాణలోను, రాయలసీమలోను శీతకాలపు పగళ్ళు నిర్మలంగా ఉంటాయి. పసిపిల్లల స్నానానికి గంగాళంలో నీళ్ళు పోసి ఎండలో ఉంచే అలవాటు నానమ్మలకు తెలిసినదే. ఆ అలవాటే పెద్ద ఎత్తున చేసినది సౌర జలతాపని. నూరు లీటర్ల నీటిని 20 నుండి 55 డిగ్రీలకు తెచ్చిన రోజున అది నాలుగు యూనిట్ల విద్యుత్తును మిగుల్చుతుంది. పగలు కాగిన నీటిని రాత్రంతా వెచ్చగా కాపాడి తెల్లవారి అందిస్తుంది. నవంబరు, డిసెంబరు నెలలలో వాయుగుండాల పాలయ్యే నెల్లూరు వంటి తీరప్రాంతాలలో మబ్బు దినాలకు గీజరు తోడు అవసరమే. అంతమాత్రాన ఎండ కాసిన దినాలను వదులుకొనవలసిన పని లేదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం ఆరంభించిన సూర్యఘర్ పథకం ఇంటికప్పుపై సౌరఫలకాలకు ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు గాని అంతకు మించి గాని పెట్టుకొన్నవారికి 78,000 రూపాయల రాయితీ ప్రకటించింది. ఆ ఫలకాలు దీపాలు వెలిగిస్తాయి, పంకాలు త్రిప్పుతాయి. స్నానపు నీటివరకు మాత్రం ఎండను విద్యుత్తుగా మార్చి, ఆ విద్యుత్తును మరల వేడిగా మార్చుటకంటె, ఎండతో నేరుగా నీరు కాచుకొనుటయే తిన్నని మార్గం.

అయితే ఈ సలహాలన్నీ సొంత ఇల్లున్నవారి చెవికే ఇంపుగా ఉంటాయి. నగరాలలో వేలాది కుటుంబాలు అద్దె ఇళ్ళలో కాపురముంటున్నాయి. గీజరు కొనేది యజమాని, బిల్లు కట్టేది అద్దెకున్నవాడు. చవుకలో దొరికిన నాసి గీజరు బిగించిన యజమానికి దాని దాహం ఎప్పటికీ తెలియదు. పదకొండు నెలల ఒప్పందంపై ఉన్నవాడు ఇరవై ఏండ్లు పనిచేసే సౌరయంత్రాన్ని తన డబ్బుతో పెట్టుకొనలేడు. పెట్టుకొందామన్నా కప్పు అతనిది కాదు. అపార్టుమెంట్లలో కప్పు అందరిదీ అయినందున ఎవరిదీ కాకుండ పోయింది. గృహనిర్మాణానికి అనుమతి ఇచ్చేవారు, బహుళ అంతస్తుల భవనాలు కట్టేవారు నీటి ట్యాంకుతోపాటే సౌర జలతాపనిని కూడ నిర్మాణంలో భాగం చేస్తే తప్ప ఈ చిక్కు విడదు. అద్దె ఒప్పందపు కాగితంలో వెల్లసున్నం ఖర్చు, గోడకు కొట్టే మేకుల సంఖ్య, నీటిపన్ను వాటా వరకు వివరంగా వ్రాసి ఉంటుంది. గీజరు ఏ రకమైనదో, డాబామీది ఎండ ఎవరిదో అందులో ఒక్క పంక్తి కూడ ఉండదు.