సభకూ ఒక ముక్కనుమ కావాలి

కాస్త పెద్ద రాత, ఓపికగా చదవండి.

మన ఘంటసాల అభిమానుల సమ్మేళనం ముగిసి ఇవాళ్టికి ఐదు రోజులు. వాట్సాప్ గ్రూపు చూడండి. శని, ఆదివారాల్లో ఫొటోలు దింపుకోవడానికి ఫోన్లు చాల్లేదు. సోమవారం అంతా ‘అద్భుతం’, ‘మళ్ళీ ఎప్పుడు?’ అన్నారు. మంగళవారం నుంచి శుభోదయం బొమ్మలు తప్ప మాటే లేదు. నిన్న మాత్రం ఉన్నట్టుండి గొడవ మొదలైంది. ఎవరికి శాలువా కప్పారు, ఎవరి పేరు వేదిక మీద చదవలేదు, ఎవరి పాటను చరణం దగ్గర ఆపేశారు అని.

ఆ గొడవలో ఎవరిది న్యాయమో తేల్చడానికి నేను రాయడం లేదు. శాలువా ఒక సాకు అని నా అభిప్రాయం. అసలు సంగతి బెంగ. బెంగ అని ఒప్పుకోవడం మనకు నామోషీ, అందుకని కోపం అని పేరు పెట్టుకుంటున్నాం. మూడు నెలలు తిరిగి పనిచేసినవాళ్ళే ఇవాళ ఎక్కువ చిరాకుగా ఉన్నారు, గమనించారా? రోజుకు ఇరవై ఫోన్లు వచ్చిన మనిషికి సోమవారం నుంచి ఒక్కటీ రాకపోతే మరి ఎలా ఉంటుంది?

హోసూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఫోన్ చేసి, “ఇల్లు బావురుమంటోందండీ” అన్నారు. ఆయన ఒంటరిగా ఉంటారు. బరంపురం నుంచి వచ్చిన దంపతులు రైల్లోనే సమ్మేళనం వీడియోలు మూడుసార్లు చూశారట. “చూసేకొద్దీ ఇంకా దిగులేసింది” అన్నారావిడ.

ఎందుకు దిగులు? ఘంటసాల పాట ఎక్కడికీ పోలేదు. ఆయన 1974లో వెళ్ళిపోయి యాభై ఏళ్ళు దాటింది. అయినా ‘శివశంకరి’ అర్ధరాత్రి కావాలన్నా మన జేబులోనే ఉంది. లేనిది పక్క కుర్చీ. మనం ‘ఆహా’ అన్నచోటే పక్కన ఇంకొకరు ‘ఆహా’ అంటే, ఆ రెండు రోజులూ మనం ఎవరికీ ఏదీ విడమరిచి చెప్పనక్కర్లేదు. వీడియోలో పాట ఉంటుంది, పక్క కుర్చీ ఉండదు. అందుకే ఎన్నిసార్లు చూసినా కడుపు నిండదు.

మనకు దీనిమీద ఇంకో బరువు కూడా ఉంది. విజయవాడలో సభ జరిగితే గేటు దాటాక ఆటో ఆయనతోనూ తెలుగే. మనకు బెంగళూరులో గేటు దాటగానే కన్నడం. షోలాపూర్ వాళ్ళకు మరాఠీ, బరంపురం వాళ్ళకు ఒడియా. ఆ భాషల మీద నాకేమీ ఫిర్యాదు లేదు. మూడు తరాలుగా ఈ నేల అన్నం తింటున్నాం. యానాం వాళ్ళకు చుట్టూ తెలుగే కాబట్టి వాళ్ళ సంగతి వేరు. మనలో చాలామందికి మాత్రం ఏడాదిలో పొద్దున్నుంచి రాత్రిదాకా తెలుగులో బతికేది ఆ రెండు రోజులే. ఒకరకంగా ఘంటసాలా మనవంటివారే. 1953లో ఆంధ్ర రాష్ట్రం మద్రాసు లేకుండా ఏర్పడ్డాక కూడా, చివరిదాకా ఆ ఊళ్ళోనే ఉండి తెలుగు పాట పాడారు.

కొందరు మిత్రులు, “పాటల సభ అయిపోతే బెంగేమిటండీ, వయసొచ్చిన వాళ్ళం” అంటున్నారు. ఇంకొందరు, “వచ్చే ఏడాది తేదీ ఇప్పుడే ప్రకటిస్తే అందరూ హుషారవుతారు” అంటున్నారు. రెండూ నాకు సరిగా తోచలేదు. మొదటిది ఉన్నదాన్ని లేదనడం. రెండోది ఆకలేసిన వాడికి వచ్చే ఏడాది విస్తరి చూపించడం.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. సంక్రాంతి చూడండి. భోగి మంటతో మొదలై, పెద్ద పండగై, కనుమనాడు పశువులను పూజించి, కోస్తాలో అయితే ముక్కనుమ కూడా చేసుకుని నెమ్మదిగా దిగుతుంది. పెళ్ళికి పదహారు రోజుల పండగ పెట్టారు. మనుగుడుపులని పెట్టి పిల్లనూ అల్లుణ్ణీ మళ్ళీ ఇంటికి పిలిచారు. పందిరి తీయగానే ఇల్లు ఒక్కసారిగా ఖాళీ కాకూడదని వాళ్ళకు తెలుసు. వాళ్ళు మెట్లు దిగారు. మనం వందన సమర్పణ కాగానే కుర్చీలు మడిచి, మేడ మీంచి దూకుతున్నాం.

అందుకే సంఘానికి నా సూచన ఒకటే. సమ్మేళనం ఆదివారం రాత్రితో అయిపోయినట్టు లెక్కవేయొద్దు. తర్వాతి రెండు వారాలనూ కార్యక్రమంలో భాగంగానే రాసుకుందాం.

మొదటిది, ఫోన్లు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు ఒక్కో కార్యకర్త వారంలోపల ఫోన్ చేయాలి. చందా గురించి కాదు, ఊరికే. ఏ పాట నచ్చిందని అడిగితే చాలు, మిగతాది వాళ్ళే మాట్లాడతారు.

రెండోది, లెక్కలు. కోశాధికారిని బిల్లుల కట్టతో ఒంటరిగా వదిలేయొద్దు. ముగ్గురు కలిసి కూర్చుని, పది రోజుల్లో పైసా పైసా లెక్క గ్రూపులో పెట్టండి. లెక్క ఆలస్యమైతే అనుమానం మొలుస్తుంది. శాలువా గొడవ ఇవాళ ఉండి రేపు పోతుంది, డబ్బు గొడవ అలా పోదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, పిల్లలు. ఆదివారం పాడిన పిల్లల చేతుల్లో కాగితాలు చూశారా? చాలావాటిలో పాట కన్నడ లిపిలో ఉంది. హోసూరు పిల్లవాడి దగ్గర తమిళ లిపిలో ఉంది. తమిళంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకే అక్షరం. ఘంటసాల పేరులోని మొదటి అక్షరానికే అక్కడ వేరే గుర్తు లేదు. ఇక పద్యం నోరు తిరగమంటే ఎలా తిరుగుతుంది? కన్నడం చదివే పిల్లలకైతే మన లిపి అక్కచెల్లెలి లాంటిది, ఇట్టే పట్టుబడుతుంది.

ఆ పిల్లలకు ఇప్పుడు చప్పట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. వాళ్ళకూ మనలాగే వెలితిగా ఉంది. వెలితి అంటే ఆకలే. ఆకలేసినప్పుడే అన్నం పెట్టాలి. తాము పాడిన పాటనే తెలుగు అక్షరాల్లో రాసుకోమంటే ఈ రెండు వారాల్లో కూర్చుని రాస్తారు. పరీక్షలు అయ్యాక వేసవి తరగతులు పెడదామంటే, అప్పటికి ఆకలి చచ్చిపోతుంది. ప్రతి ఏడాదీ ఇలాగే మన చేతిలోంచి కొందరు పిల్లలు జారిపోతున్నారు. సమ్మేళనానికి ఎంతమంది వచ్చారన్నది కాదు, రెండు వారాల తర్వాత ఎంతమంది మిగిలారన్నదే సంఘానికి అసలు లెక్క.

ఇంకొక మాట. ఈ బెంగ మామూలుగా వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. వారాలు గడిచినా నిద్ర, తిండి సరిగా లేక, మనసు ఏ పని మీదకూ పోకపోతే అది సభ వల్ల వచ్చిన దిగులు మాత్రమే కాకపోవచ్చు. ఇంట్లో చెప్పండి, డాక్టరుకు చూపించుకోండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఫోన్ చేయడానికి ఖర్చు లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు.

ఉగాదికి ఇంకా నెల పైన ఉంది. అందాకా చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. వచ్చే ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ఒక పదిమందికి చోటుంది. మైకు లేదు, శాలువాలు లేవు. పెద్దవాళ్ళు తలా ఒక పాట వినిపించి, అది ఎందుకిష్టమో చెప్పాలి. పిల్లలు నోటు పుస్తకం తెచ్చుకోవాలి. కాఫీ, పకోడీ మా ఇంటివాళ్ళ పూచీ. హోసూరు పెద్దాయన మొదటి బస్సుకే వస్తానన్నారు. మిగతా పేటల్లో కూడా ఎవరింట్లో వీలవుతుందో గ్రూపులో చెప్పండి.